పొట్ట ఆపరేషన్‌కు అడ్వాన్స్ కట్టే ముందు: ఒక మత్తు డాక్టర్ సమాధానం

నా సమాధానం మీరు రాసిన వివరాల మీదే ఆధారపడింది కాబట్టి ముందు వాటిని ఒకసారి చెప్పుకుందాం. మీకు 36 ఏళ్లు. రెండు కాన్పులూ సిజేరియన్లే. బరువు 71 కిలోలు, ఎత్తు 156 సెంటీమీటర్లు. ఎంత నడిచినా, తిండి ఎంత తగ్గించినా బొడ్డు కింద వేలాడే చర్మం మాత్రం తగ్గలేదు. హైదరాబాద్‌లోని ఒక క్లినిక్ వాళ్లు టమ్మీ టక్‌తో (పొట్ట మీద వేలాడే చర్మం కోసేసి, కండరాలు బిగించే ఆపరేషన్) పాటు నడుము, తొడలు, చేతుల్లోని కొవ్వు కూడా ఒకేసారి తీసేస్తామన్నారు. పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికి పంపిస్తామని, రిస్కు ఏమీ లేదని చెప్పారు. శనివారంలోగా అడ్వాన్స్ కడితే తగ్గింపు ఇస్తామన్నారు. ఏడు వారాల్లో మీ తమ్ముడి పెళ్లి. ఇంట్లో చెప్పకుండా స్నేహితురాలితో వెళ్లి, రెండు రాత్రులు ఆమె ఇంట్లో ఉండి, మూడో రోజు బస్సులో విజయవాడ వచ్చేయాలని అనుకుంటున్నారు. నెలసరి క్రమం కోసం హార్మోన్ మాత్రలు వాడుతున్నారు. 'ఇది నిజంగా ప్రమాదమా, నేనే అనవసరంగా భయపడుతున్నానా?' అని అడిగారు.

మీ భయం అనవసరమైనది కాదు. అలాగని ఈ ఆపరేషన్ వైపే చూడొద్దని కూడా నేను అనను. నేను మత్తు డాక్టర్‌ని. ప్లాస్టిక్ సర్జన్లతో కలిసి చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. టమ్మీ టక్ చేయించుకుని సంతోషంగా ఇంటికి వెళ్లినవాళ్లను ఎందరినో చూశాను. మీరు రాసింది చదివాక నన్ను ఆందోళన పెట్టింది ఆపరేషన్ కాదు, దాని చుట్టూ వేసిన పథకం. నాలుగు చోట్ల ఒకేసారి, సాయంత్రానికే డిశ్చార్జి, ఇంట్లో ఎవరికీ తెలియదు, మూడో రోజు బస్సు. ఇలాంటి ఆపరేషన్లలో ప్రాణం మీదికి వచ్చే ఇబ్బందులు చాలావరకు థియేటర్లో కనిపించవు. ఆ రాత్రో, ఆ వారంలోనో కనిపిస్తాయి. మీ పథకంలో ఆ సమయానికి మీ పక్కన ఇంటివాళ్లు ఒక్కరూ ఉండరు.

మీ కోరిక గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే 'ఇద్దరు పిల్లల తల్లికి ఇదంతా ఎందుకు' అనేవాళ్లు మీకు చాలామంది తగులుతారు. కాన్పుల తర్వాత పొట్ట మధ్యలో ఉండే రెండు కండరాలు పక్కలకు జరిగిపోతాయి. మధ్యలో కుట్టు వదులైన జాకెట్టులా అవి దగ్గరికి రావు. ఎడం తక్కువైతే ఫిజియోథెరపీతో కొంత మెరుగుపడుతుంది. ఎక్కువైతే, దానికి తోడు చర్మం సాగి వేలాడుతుంటే, వ్యాయామం దాన్ని సరిచేయలేదు. నడుము నొప్పి, మడతల్లో పుండ్లు, నలుగురిలో చీర కట్టుకోవడానికి మొహమాటం, ఇవన్నీ నిజమైన బాధలే. వాటికి టమ్మీ టక్ నిజమైన పరిష్కారమే. అందుకే అది ఎలాంటి ఆపరేషనో తెలిసి నిర్ణయించుకోవాలి.

టమ్మీ టక్‌లో ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోత పెడతారు. పొట్ట మీది చర్మాన్ని, దాని కింది కొవ్వుతో సహా, పక్కటెముకల దాకా కండరం నుంచి విడదీసి పైకి లేపుతారు. విడిపోయిన కండరాలను మధ్యకు లాగి కుడతారు. మిగులు చర్మం కోసేసి, బొడ్డుకు కొత్త చోట రంధ్రం చేసి బయటికి తీస్తారు. రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. ప్రకటనల్లో ముందు ఫోటో, తర్వాత ఫోటో పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండింటి మధ్య నడుము వంచి నడిచే వారం, చర్మం కింద చేరే నీటిని బయటికి లాగే డ్రెయిన్ గొట్టాలు, ఆరు వారాల దాకా బిగుతు బెల్టు, చంటిబిడ్డనైనా ఎత్తకూడని రోజులు ఉంటాయి. మీ చిన్నవాడికి నాలుగేళ్లన్నారు. వాడిని ఎత్తుకోవడం కుదరదు, పక్కన పడుకున్నప్పుడు పొట్ట మీద కాలు వేయనివ్వడం కూడా కుదరదు.

ఇక లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చి తీయడం. దీన్ని చిన్న పని అనుకుంటారు, ఎందుకంటే బయటికి కనిపించేవి చిన్న రంధ్రాలే. కొవ్వు తీసే ముందు ఆ ప్రాంతంలోకి లీటర్ల కొద్దీ ద్రవం ఎక్కిస్తారు. అందులో సెలైన్, రక్తస్రావం తగ్గించే అడ్రినలిన్, తిమ్మిరి ఎక్కించే లిడోకెయిన్ ఉంటాయి. కాలిఫోర్నియాకు చెందిన చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రచురించిన పద్ధతి ఇది. అది వచ్చాక రక్తనష్టం బాగా తగ్గింది, అది నిజంగా పెద్ద మేలే. అయితే లిడోకెయిన్‌కు హద్దు ఉంది. ఈ పద్ధతిలో సాధారణంగా పాటించే హద్దు కిలో బరువుకు 35 మిల్లీగ్రాములు. మీ బరువుకు లెక్కేస్తే దాదాపు 2,500 మిల్లీగ్రాములు. లీటరు ద్రవంలో 500 మిల్లీగ్రాములు కలిపితే ఐదు లీటర్లకే ఆ హద్దు వస్తుంది. 1,000 కలిపితే రెండున్నర లీటర్లకే వస్తుంది. నడుము, తొడలు, చేతులు కలిపితే ఎన్ని లీటర్లు కావాలో ఊహించండి. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు లిడోకెయిన్ బాగా తగ్గించవచ్చు, మంచి బృందాలు అలాగే చేస్తాయి. కాబట్టి క్లినిక్ వాళ్లను 'నాకు మొత్తం ఎంత లిడోకెయిన్ ఇస్తారు, ఆ లెక్క ఎవరు రాస్తారు' అని అడగండి. ఇది అడగకూడని ప్రశ్న కాదు. సమాధానం తెలిసినవాళ్లు వెంటనే చెబుతారు.

ఈ మందు గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. కొవ్వులోకి ఎక్కించిన లిడోకెయిన్ వెంటనే రక్తంలోకి రాదు. మెల్లగా ఊరుతూ దాదాపు పన్నెండు గంటల తర్వాత రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఉదయం తొమ్మిదికి ఎక్కిస్తే రాత్రి తొమ్మిదికన్నమాట. అప్పటికి మీరు స్నేహితురాలి ఇంట్లో మంచం మీద ఉంటారు. నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక మీద లోహపు రుచి, చెవుల్లో గుయ్‌మనే శబ్దం, తల తేలిపోవడం, మాట తడబడటం మొదటి గుర్తులు. మోతాదు ఇంకా పెరిగితే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. దీనికి విరుగుడుగా వాడే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (రక్తనాళంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం) ఆసుపత్రి మందుల అలమారలో ఉంటుంది, ఇంట్లో ఉండదు. 'సాయంత్రానికి ఇంటికి' అనే మాట మీకు సౌకర్యంగా వినిపించింది. నాకు మాత్రం అది ఈ పథకంలో అన్నింటికన్నా బలహీనమైన చోటుగా కనిపిస్తోంది.

రెండో సంగతి నీటి లెక్క. లోపలికి ఎక్కించిన ద్రవమంతా బయటికి రాదు. చాలా భాగం శరీరంలోనే ఉండిపోయి మెల్లగా రక్తంలో కలుస్తుంది. దానికి తోడు రక్తనాళంలోకి సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. తీసే కొవ్వు, ద్రవం కలిపి ఐదు లీటర్లు దాటితే దాన్ని భారీ లైపోసక్షన్ అంటారు. అలాంటప్పుడు రాత్రంతా ఆసుపత్రిలో ఉంచి గమనించాలని అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం సూచనల్లో ఉంది. 2022 మే నెలలో బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీయించుకునే చికిత్సకు వెళ్లి అదే రోజు మరణించారు. ఆమెకు 21 ఏళ్లు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, అక్కడ తగిన ఐసీయూ సదుపాయం లేదని కుటుంబం ఆరోపించినట్లు, తల్లిదండ్రులకు చెప్పకుండా ఆమె వెళ్లినట్లు వార్తలు వచ్చాయి. మన తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ల వయసులో మరణించారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని, తీవ్రమైన శ్వాస ఇబ్బందితో బాధపడ్డారని అప్పట్లో పత్రికలు రాశాయి. మిమ్మల్ని బెదిరించడానికి ఈ పేర్లు ఎత్తలేదు. ఇద్దరూ వయసులో మీకన్నా చిన్నవాళ్లు. 'వయసు చిన్నదే కదా, ఏమీ కాదు' అని మీకు ఎవరైనా చెబితే ఆ మాటను పట్టించుకోకండి.

ఇప్పుడు మీ విషయంలో నేను అన్నింటికన్నా ఎక్కువగా భయపడేదాని గురించి చెబుతాను. అది కాళ్లలో రక్తం గడ్డకట్టడం. సౌందర్య శస్త్రచికిత్సల్లో ఈ ప్రమాదం ఎక్కువగా ఉండేవాటిలో టమ్మీ టక్ ఒకటి. కండరాలను బిగించి కుట్టడం వల్ల పొట్ట లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కాళ్ల నుంచి రక్తం పైకి రావడం మందగిస్తుంది. నొప్పి వల్ల మనిషి నడవదు. దీనికి లైపోసక్షన్ జోడిస్తే ఆపరేషన్ సమయం పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. మీ బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క) 29 దాటింది, అధిక ప్రమాదపు గీత 30. మీరు వాడే మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటే అది స్వయంగా రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఇవన్నీ ఉన్న మనిషి మూడో రోజు ఐదారు గంటలు బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. పిక్కలో తయారైన గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

దీన్ని తగ్గించే మార్గాలు మాకు బాగా తెలుసు. ఆపరేషన్‌కు ముందే ఒక్కొక్కరి ప్రమాదాన్ని మార్కులేసి లెక్కగడతాం. థియేటర్లో పిక్కలకు గాలితో నొక్కే తొడుగులు వేస్తాం. అవసరమైనవాళ్లకు కొన్ని రోజులు రక్తం పలచబరిచే ఇంజెక్షన్లు ఇస్తాం. అదే రోజు సాయంత్రం పట్టుకుని నాలుగడుగులు వేయిస్తాం. హార్మోన్ మాత్రలను సాధారణంగా నాలుగు వారాల ముందే ఆపమంటాం. క్లినిక్‌లో మీతో మాట్లాడినవాళ్లు ఈ మాత్రల గురించి అడిగారా? మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా కాళ్లలో గడ్డలు వచ్చాయా అని అడిగారా? మీరు రాసినదాన్ని బట్టి అడిగినట్లు లేదు. ప్యాకేజీ ధర చెప్పారు, ఈ ప్రశ్న మాత్రం అడగలేదు. నాకు ఆ క్లినిక్ గురించి ఇదొక్కటి చాలు.

ఒకామెను మా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తెల్లవారుజామున తీసుకొచ్చారు. వేరే చోట పొట్ట, తొడల్లో కొవ్వు తీయించుకుని అది రెండో రాత్రి. బిగుతు బెల్టు ఇంకా ఒంటి మీదే ఉంది. మాట మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంటోంది. వేలికి తొడిగిన యంత్రంలో ఆక్సిజన్ 84 చూపిస్తోంది. ఎడమ పిక్క కుడిదానికన్నా లావుగా, వెచ్చగా ఉంది. రాత్రి పదకొండుకే ఆయాసం మొదలైందట. క్లినిక్ నంబరుకు ఫోను చేస్తే, ఎత్తినవాళ్లు 'గ్యాస్ అయ్యుంటుంది, మాత్ర వేసుకుని ఉదయం రండి' అన్నారట. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల నాళాల్లో గడ్డలు కనిపించాయి. ఐసీయూలో ఉంచి చికిత్స చేశాం, బతికి బయటపడింది. ఆమె చెల్లెలు ఆ రాత్రి పక్కన ఉండి, ఆ ఫోను మాట నమ్మకుండా బండెక్కించి తీసుకొచ్చింది కాబట్టే అది సాధ్యమైంది. మీ ఇంట్లో ఒక్కరికైనా చెప్పి వెళ్లమని నేను ఇంత గట్టిగా అడగడానికి ఇదే కారణం. మీ ఆయనకు చెప్పడం కష్టమైతే మీ అమ్మకో, వదినకో చెప్పండి. మీరు నిద్రలో మూలిగినా లేచి చూసే మనిషి కావాలి. స్నేహితురాలు ఎంత మంచిదైనా, రహస్యం కాపాడాలన్న బాధ్యత మీద పడితే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక గంట ఆలోచిస్తుంది. ఆ గంట మనకు ఉండకపోవచ్చు.

మిగతా ఇబ్బందులు ప్రాణాంతకం కాకపోయినా, ఎక్కువమందికి వచ్చేవి అవే. చర్మం కింద నీరు చేరడం చాలా మామూలు, సిరంజితో కొన్నిసార్లు తీయాల్సి వస్తుంది. కోత మధ్యభాగంలో చర్మానికి రక్తం సరిగా అందక నల్లబడి, పుండు పడి, నెలల తరబడి డ్రెస్సింగ్ చేయించుకునేవాళ్లూ ఉంటారు. పొగతాగేవాళ్లలో, మధుమేహం అదుపులో లేనివాళ్లలో ఇది ఎక్కువ. బొడ్డు కింద స్పర్శ తగ్గుతుంది, కొందరికి అది పూర్తిగా తిరిగి రాదు. తిమ్మిరిగా ఉన్న ఆ చర్మం మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని, తెలియకుండానే బొబ్బలు తెచ్చుకున్నవాళ్లను చూశాను. సిజేరియన్ కోత దగ్గర హెర్నియా (పొట్ట గోడ బలహీనపడిన చోట పేగు పొడుచుకురావడం) ఉంటే మాత్రం ఇది చిన్న విషయం కాదు. లైపోసక్షన్ గొట్టం అక్కడ పేగును తాకే ప్రమాదం ఉంది. మీవి రెండు సిజేరియన్లు కాబట్టి పొట్టకు స్కాన్ చేయకుండా ఎవరు ఆపరేషన్‌కు ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి. ఆపరేషన్ నొప్పి రోజురోజుకూ తగ్గాలి. పెరుగుతుంటే, దానికి జ్వరం తోడైతే, అది మామూలు నొప్పి కాదు.

తమ్ముడి పెళ్లి గురించి. ఏడు వారాలకు వాపు పూర్తిగా తగ్గదు. మచ్చ మొదటి రెండు మూడు నెలల్లో ఎర్రగా, గట్టిగా ఉంటుంది. అది పాలిపోయి మెత్తబడటానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. సరిగ్గా ఆ మచ్చ దగ్గరే లంగా బొందు బిగించి, పట్టుచీర కట్టుకుని, రెండు రోజులు నిలబడి పెళ్లి పనులు చేయాలి. ఆడపడుచు చేతుల మీదుగా జరగాల్సినవి మన ఇళ్లలో ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. చిన్న పుండు మిగిలి ఉన్నా ఆ రెండు రోజులూ మీకు నరకమే. ఏ పెళ్లి తేదీ కోసమూ టమ్మీ టక్ తేదీ నిర్ణయించుకోకూడదు.

మీరు ఎన్నిసార్లు అడిగినా ఎవరూ సూటిగా చెప్పలేదన్న ప్రశ్న, 'చనిపోయే అవకాశం ఎంత?' 2000లో ప్రచురితమైన ఒక అమెరికా సర్వే 1994 నుంచి 1998 దాకా అక్కడి గుర్తింపు పొందిన ప్లాస్టిక్ సర్జన్లు చేసిన లైపోసక్షన్ల వివరాలు అడిగింది. 4,96,245 ఆపరేషన్లలో 95 మరణాలు తేలాయి. అంటే దాదాపు 5,200 మందికి ఒకరు. కారణాల్లో మొదటిది ఊపిరితిత్తులకు చేరిన రక్తపు గడ్డే. ఆ తర్వాత జాగ్రత్తలు పెరిగాయి. అయినా ఆ సంఖ్య చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, అది అర్హత ఉన్నవాళ్ల చేతుల్లో జరిగిన ఆపరేషన్ల లెక్క. పిరుదుల్లోకి కొవ్వు ఎక్కించే ఆపరేషన్‌లో ప్రమాదం ఇంకా ఎక్కువ. 2017లో నిపుణుల బృందం ఒకటి అందులో మూడు వేల మందికి ఒక మరణం దాకా ఉండొచ్చని అంచనా వేసి, చేసే పద్ధతినే మార్చుకోమని సర్జన్లను హెచ్చరించింది. తొడల్లో తీసిన కొవ్వును అక్కడ నింపుతామని మీకు ఎవరైనా ఉచితంగా ఇవ్వజూపితే వద్దనండి.

ఆపరేషన్ ఎవరు చేస్తారన్నది అడగడానికి మొహమాటపడొద్దు. మన దేశంలో ప్లాస్టిక్ సర్జన్ అంటే సాధారణంగా జనరల్ సర్జరీ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ స్థాయి శిక్షణ గానీ పొందినవాళ్లు. బోర్డు మీద 'కాస్మెటాలజిస్ట్', 'ఏస్థెటిక్ నిపుణులు' అని రాసి ఉంటే అది శస్త్రచికిత్స అర్హత కాదు. కొన్ని వారాల కోర్సులతో వచ్చే సర్టిఫికెట్లు ఫ్రేములు కట్టించి గోడకు తగిలించినా అంతే. డాక్టరు పేరు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకుని, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లోనో ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లోనో సరిచూసుకోండి. మీతో ఇప్పటిదాకా మాట్లాడింది కౌన్సెలర్ అని రాశారు. సర్జన్ మీ పొట్టను చేత్తో తాకి, నిలబెట్టి, పడుకోబెట్టి, తల ఎత్తమని చూడకుండా ప్యాకేజీ ఎలా తేలుతుంది? ముందు సర్జన్‌ను కలవండి. వీలైతే ఇంకో చోట రెండో అభిప్రాయం తీసుకోండి.

నా వృత్తి గురించి కూడా చెబుతాను. మత్తు ఎవరు ఇస్తారు? ఎం.డి. అనస్థీషియా చదివినవాళ్లా? చాలా చిన్న క్లినిక్‌లకు సొంత మత్తు డాక్టర్ ఉండరు, బయటి నుంచి పిలిపిస్తారు. అందులో తప్పేమీ లేదు. మీరు అడగాల్సింది ఆయన మిమ్మల్ని ముందు రోజైనా చూస్తారా, ఆపరేషన్ పూర్తయ్యేదాకా మీ తల దగ్గరే ఉంటారా, మీరు పూర్తిగా తేరుకున్నాకే వెళ్తారా అన్నది. 'కొంచెం నిద్రమత్తు మాత్రమే, పూర్తి మత్తు కాదు' అంటే ఇంకా జాగ్రత్తగా వినండి. ఆ కొంచెం మత్తు తెలియకుండానే లోతుగా జారి ఊపిరి ఆగే స్థితికి చేరగలదు. అప్పుడు గుర్తుపట్టే యంత్రాలు, గొట్టం వేయగల మనిషి, ఆక్సిజన్, గుండెకు షాకిచ్చే పరికరం ఆ గదిలోనే ఉండాలి. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పెళ్లికి ముందు నవ్వు తీరు దిద్దించుకోవడానికి దంతాల క్లినిక్‌కు వెళ్లిన 28 ఏళ్ల యువకుడు అక్కడే స్పృహ తప్పి మరణించాడు. మత్తు మందు ఎక్కువైందని కుటుంబం ఆరోపించింది. అది పళ్ల చికిత్స. చికిత్స చిన్నదైనంత మాత్రాన మత్తు చిన్నదైపోదు.

మీరు కూడా మాకు ఏదీ దాచకూడదు. ఆపరేషన్‌కు ముందు పరీక్షకు వచ్చిన ఒకామెను మందులేమైనా వాడుతున్నారా అంటే లేదంది. అలర్జీలు, ఆయాసం, పాత ఆపరేషన్లు అన్నీ అడిగి రాసుకున్నాను. లేచి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, 'వారానికోసారి వేసుకునే బరువు తగ్గే ఇంజెక్షన్ మందు కిందికి వస్తుందా డాక్టర్ గారూ?' అంది. వస్తుంది. ఆ రకం ఇంజెక్షన్లు కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తాయి. రాత్రి తిన్నది ఉదయానికీ కడుపులోనే ఉండి, మత్తులో పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆపరేషన్ వాయిదా వేశాం. మొదట బాగా నొచ్చుకుంది, సెలవులు వృథా అయ్యాయని. తర్వాత ఏ ఇబ్బందీ లేకుండా చేయించుకుని వెళ్లింది. అలాగే ఆస్పిరిన్, చేప నూనె మాత్రలు, వెల్లుల్లి క్యాప్సూల్స్, ఆయుర్వేద మందులు, అప్పుడప్పుడు తాగే సిగరెట్టు, అన్నీ చెప్పండి. మీరు చెప్పింది మేము మీ ఇంట్లో వాళ్లకు చెప్పం.

డబ్బు విషయం క్లుప్తంగా. ఆరోగ్య బీమా పాలసీలు సౌందర్య శస్త్రచికిత్సను మినహాయిస్తాయి. దాని వల్ల వచ్చే ఇబ్బందుల చికిత్సకు కూడా చాలాసార్లు చెల్లించవు. ఐసీయూలో నాలుగు రోజులు ఉండాల్సి వస్తే మీకిచ్చే తగ్గింపు మొత్తం మొదటి పూటకైనా సరిపోదు. వైద్యసేవలకు సాధారణంగా జీఎస్టీ లేకపోయినా అందం కోసం చేసే ఆపరేషన్లకు 18 శాతం ఉంది. చెప్పిన ధర దానితో కలిపా, విడిగానా అని అడగండి. పుండు పడితే, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి వస్తే ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి.

అంగీకార పత్రాన్ని ఆపరేషన్ రోజు ఉదయం, గౌను తొడిగాక, సెలైన్ పెట్టాక సంతకానికి ఇస్తే అది అంగీకారం కాదు. రోగికి ఏం చేయబోతున్నారో, ప్రమాదాలేమిటో, వేరే దారులేమిటో చెప్పి తీసుకున్నదే చెల్లుతుందని, ఒకదానికి ఒప్పుకుంటే ఇంకోదానికి ఒప్పుకున్నట్లు కాదని సుప్రీంకోర్టు 2008లోనే తీర్పు చెప్పింది. ఆ పత్రాన్ని ముందే ఇంటికి తెచ్చుకుని, మీకు చదవడం సులువైన భాషలో అడిగి, నెమ్మదిగా చదవండి. ముందే ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేయండి.

నేను మీ స్థానంలో ఉంటే ఏం చేస్తానో చెబుతాను. శనివారం అడ్వాన్స్ కట్టను. తమ్ముడి పెళ్లి హాయిగా చేసుకుంటాను. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే ఆపరేషన్ సంగతి అప్పటిదాకా పక్కన పెడతాను, ఎందుకంటే మళ్లీ గర్భం వస్తే బిగించిన కండరాలు మళ్లీ సాగుతాయి. ఆలోచన లేకపోతే బరువు కొన్ని నెలలు నిలకడగా ఉండేలా చూసుకుంటాను. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వునే తీస్తుంది, పేగుల చుట్టూ ఉన్న కొవ్వును తీయదు. ఎక్కువ మోతాదులో పొట్ట కొవ్వు తీసినా ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదని 2004లో అమెరికాలో జరిగిన అధ్యయనం చూపించింది. కాబట్టి బరువు, షుగర్ తగ్గుతాయన్న ఆశతో మాత్రం వెళ్లకండి. ఆ తర్వాత ఐసీయూ ఉన్న ఆసుపత్రిలో పనిచేసే ప్లాస్టిక్ సర్జన్‌ను కలిసి, టమ్మీ టక్ ఒక్కటే ముందు చేయించుకుంటాను. తొడలు, చేతుల సంగతి మరోసారి చూసుకోవచ్చు. కనీసం ఒకటి రెండు రాత్రులు అక్కడే ఉంటాను. విజయవాడలోనే మంచి సర్జన్ దొరికితే ఇంకా మంచిది, పుండు చూపించుకోవడానికి ప్రతిసారీ హైదరాబాద్ పరుగెత్తనక్కర్లేదు. హైదరాబాద్‌లోనే చేయించుకుంటే సర్జన్ పంపేదాకా ఆ ఊళ్లోనే ఉండి, తిరుగు ప్రయాణంలో గంటకోసారి కారు ఆపించి దిగి నడుస్తాను.

చేయించుకున్న తర్వాత ఒక్కసారిగా ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక పిక్కలో మాత్రమే వాపు, మాట తడబాటు, అయోమయం, ఒంటి మీద ఎర్రటి సన్నని చుక్కలు, రోజురోజుకూ పెరిగే కడుపు నొప్పి, వీటిలో ఏది కనిపించినా క్లినిక్ వాళ్ల అనుమతి కోసం ఎదురుచూడకుండా 108కు ఫోను చేయండి, దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. ఏం ఆపరేషన్ అయిందో, ఏ రోజు అయిందో ముందే చెప్పమని మీ వెంట ఉన్నవాళ్లకు నేర్పండి.

మీరు వాడుతున్న మాత్ర పేరు, అమ్మానాన్నల వైపు ఎవరికైనా కాళ్లలో గడ్డలు, పక్షవాతం చిన్న వయసులో వచ్చాయా అన్నది, ఈ మధ్య హీమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించి ఉంటే ఆ అంకెలు రాయండి. చూసి, మీ సర్జన్‌ను ఇంకా ఏమేమి అడగాలో చెబుతాను. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఇప్పుడే ఆపకండి, రాసిన డాక్టరుకు ఫోను చేసి అడిగాకే ఆపండి.